తాతగారి ట్రంకుపెట్టెలో చీటీలు ఉన్నాయా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పర్లాకిమిడిలో మీ తాతగారు పోయాక రెండు ట్రంకుపెట్టెలు మిగిలాయి. వాటిలో రాగి నాణేలు, ఏవో రాళ్లు, పాత న్యూస్‌పేపర్ల మధ్య ఎండబెట్టిన ఆకులు, ఆరేడు నోటుబుక్కులు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామంటున్నారు. "ఇలా సరదాకి పోగేసేవాళ్ల వల్ల దేశ చరిత్రకి నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక మనవాళ్ల గురించి మనం చెప్పుకునే గొప్పలా?" అని అడిగారు.

ఒరుగుతుంది. ఈ దేశం తన గతం గురించి ఇవాళ నమ్ముతున్న వాటిలో కొన్ని ముఖ్యమైన సంగతులు, వేరే ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో రాళ్లూ నాణేలూ మొక్కలూ పట్టుకు తిరిగినవాళ్ల చేతుల మీదుగానే వచ్చాయి. కాకపోతే ఒక షరతు ఉంది. వస్తువుతో పాటు అది ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ద్వారా దొరికిందో రాసిన చీటీ కూడా ఉండాలి. మీ పెట్టెల విలువంతా ఆ నోటుబుక్కుల్లో ఉండొచ్చు. కాబట్టి ఈ సమాధానం పూర్తిగా చదివేదాకా పెట్టెలు ఎవరికీ ఇవ్వకండి.

నేను బరంపురంలో ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. చరిత్రలో నాకు డిగ్రీ లేదు. నాణేలు, మొక్కలు, గుళ్ల గోడల మీది రాతలు, ఈ మూడింటి వెంట నలభై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఆ తిరుగుడులో తెలుసుకున్నదే.

మొదట మా జిల్లాలోని ఒక బండ సంగతి చెప్పాలి. గంజాం జిల్లాలో పురుషోత్తంపురం దగ్గర, ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. ఒడియాలో జౌ అంటే లక్క. లక్కతో కట్టిన కోట కాబట్టి శత్రువులు గోడ ఎక్కబోతే జారిపోయేవారని ఊళ్లో కథ చెప్తారు. ఆ మట్టికోట లోపలి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. 1850లో వాటికి ప్రతి తీసి, భువనేశ్వర్ దగ్గరి ధౌలి, గుజరాత్‌లోని గిర్నార్‌లలో ఉన్న శాసనాలే ఇక్కడా ఉన్నాయని గుర్తుపట్టినవాడు వాల్టర్ ఎలియట్. ఆయన చరిత్ర పండితుడేమీ కాడు. మద్రాసు సివిల్ సర్వీసులో ఉత్తర సర్కారుల కమిషనర్. గంజాం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

అసలు ఆ లిపి ఎలా చదవగలిగారో చూడండి. బ్రాహ్మీ అక్షరాలను 1837లో ఛేదించిన జేమ్స్ ప్రిన్సెప్ కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత పరీక్షించే అధికారి. అదే ఏడాది ధౌలి బండకి ప్రతి తీసిన కిట్టో సైన్యంలో పనిచేసేవాడు. శాసనాల్లో కనిపించే 'ప్రియదర్శి', బౌద్ధ గ్రంథాల అశోకుడు ఒకరేనని సింహళ గ్రంథాల ఆధారంతో చూపించిన టర్నర్ సిలోన్‌లో సివిల్ ఉద్యోగి. 1905లో సారనాథ్‌లో సింహాల స్తంభశీర్షాన్ని తవ్వి తీసిన ఓర్టెల్ ఇంజనీరు. ఆ శీర్షం మీది చక్రం 1947 జులై 22న మన జెండాలోకి వచ్చింది, ఆ సింహాలు 1950లో మన రాజముద్ర అయ్యాయి. అంతకు నూటపాతికేళ్ల ముందు ఆ బండల మీద రాయించిన రాజు ఎవరో చెప్పగలిగినవాళ్లు ఈ దేశంలో లేరు. అశోకుడు పురాణాల రాజుల పట్టికల్లో ఒక పేరు, అంతే. టంకశాల ఉద్యోగీ, సైనికుడూ, కమిషనరూ తీరిక వేళల్లో చేసిన పని లేకపోతే మన జెండా మధ్యలో ఏముండేదో నేను ఊహించలేను.

జౌగడకి నేను స్కూలు పిల్లలను చాలాసార్లు తీసుకెళ్లాను. అక్కడ నేను తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. కళింగ యుద్ధంలో ఎంతమంది చనిపోయారో చెప్పి, అశోకుడు బాధపడ్డ పదమూడో శాసనం జౌగడలో లేదు, ధౌలిలోనూ లేదు. ఓడిపోయిన నేల మీద దాన్ని చెక్కించలేదు. బదులుగా ఇక్కడి అధికారులకి ప్రత్యేకంగా రెండు శాసనాలు రాయించాడు. ప్రజలందరూ నా బిడ్డలు అని ఉన్నది వాటిలోనే. ఎన్నో చోట్ల నుంచి వచ్చిన ప్రతులను పక్కపక్కన పెట్టుకున్నారు కాబట్టే ఈ తేడా తెలిసింది. ఒక్కో ప్రతి మీదా ఊరి పేరు ఉంది కాబట్టే పోల్చడం కుదిరింది.

ఇదే ఎలియట్‌కి జంతువులన్నా మొక్కలన్నా అంతే పిచ్చి. ఉడుతలా కనిపించే మన ట్రీష్రూ శాస్త్రీయ నామంలో ఆయన పేరుంది. 1859లో అచ్చయిన ఆయన 'ఫ్లోరా ఆంధ్రికా' ఉత్తర సర్కారుల్లో మనవాళ్లు మొక్కలకు పెట్టుకున్న తెలుగు పేర్ల పట్టిక. ఆయన కంటే ముందే విశాఖపట్నంలో కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ పాములను మన పేర్లతోనే రాసుకున్నాడు. రక్తపింజరని ఆయన 'కాటుక రేకుల పొడ' అన్న పేరుతో నమోదు చేశాడు. కట్లపాము జాతికి ప్రపంచమంతా వాడే బంగారస్ అనే పేరు మన 'బంగారు పాము' నుంచి వచ్చిందే. ఆ పేర్లు చెప్పింది పాములు పట్టే మనవాళ్లు. వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

అదే ఎలియట్ దగ్గర చీటీ తప్పితే ఏమవుతుందో కూడా చూడొచ్చు. 1845లో ఆయన అమరావతి స్తూపం దగ్గర తవ్వించి సున్నపురాతి ఫలకాలను మద్రాసుకి పంపించాడు. అవి ఏళ్ల తరబడి ఎండకీ వానకీ ఆరుబయట పడున్నాయి. 1859లో లండన్ పంపారు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. స్తూపంలో ఏ ఫలకం ఏ వైపున, దేని పక్కన ఉండేదో తేల్చడానికి పండితులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. వాళ్లకి పెద్ద ఆధారం, అంతకు ముందు 1816 నుంచి కాలిన్ మెకంజీ సర్వే మనుషులు గీసిన బొమ్మలు. ఆ తర్వాత కనబడకుండా పోయిన రాళ్లు కొన్ని ఆ బొమ్మల్లో మాత్రమే మిగిలాయి.

నా చేతుల మీద జరిగిన తప్పు కూడా చెప్పాలి. అప్పుడు నాకు పాతికేళ్లు. బరంపురంలో ఒక పాతసామాన్ల కొట్లో ఇత్తడి గిన్నెల అడుగున పచ్చటి రాగి బిళ్లలు కనిపించాయి. కిలో లెక్కన అమ్ముతున్నాడు. పదిహేడు కొన్నాను. ఇంటికొచ్చి మెరిసేలా చేద్దామని చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పీచుతో తోమాను. పచ్చటి పొర పోయింది. దానితో పాటు, నిలబడ్డ మనిషి బొమ్మ చుట్టూ ఉన్న సన్నటి గీతలు కూడా పోయాయి. అవి పూరీ కుషాణు నాణేలని తర్వాత తెలిసింది. ఉత్తర భారతాన్ని ఏలిన కుషాణుల నాణేలను చూసి ఈ తీరంలో పోతపోసుకున్నవి. పురుషోత్తంపురం దగ్గర దొరికిన అలాంటి వాటి గురించి ఎలియట్ 1858లోనే రాశాడు.

తోమడం కన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. కొట్టువాడు "ఇవి ఫలానా ఊరి నుంచి వచ్చాయండీ, చెరువు పూడిక తీస్తుంటే కుండలో దొరికాయి" అని చెప్పాడు. నేను రాసుకోలేదు. ఏడాది తర్వాత ఇంకో రెండు చోట్ల కొన్న నాణేలనూ అదే పాలపొడి డబ్బాలో వేశాను. పదేళ్ల తర్వాత చరిత్ర చెప్పే ఒక ప్రొఫెసరుగారు మా ఇంటికొచ్చి, డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ అడిగిన మొదటి ప్రశ్న "ఇది ఏ ఊరిది?" నేను చెప్పలేకపోయాను. ఆయన డబ్బా మూత పెట్టి మెల్లగా నాకు అందించారు. ఆ కుండ ఏ ఊరిదో తెలిసుంటే, ఏ చెరువు ఒడ్డున ఆ కాలంలో సంత జరిగేదో, ఏ దారిన వ్యాపారం నడిచేదో కాస్తయినా తెలిసేది. ఒక ఊరి చరిత్రను నేను చేజేతులా చెరిపేశాను. ఇప్పటికీ ఆ డబ్బా చూస్తే బాధగానే ఉంటుంది.

మీది పర్లాకిమిడి కాబట్టి గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఆయనను వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే అందరూ తలుచుకుంటారు. ఆయన మీ ఊళ్లో బడిపంతులు. వంశధార ఒడ్డున ముఖలింగం గుడి గోడల నిండా ఉన్న శాసనాలు చదవాలని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఏదన్న ప్రశ్నకి, అప్పటిదాకా సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నం అనుకునేవారు. ఆ నగరం ముఖలింగమేనని ఆయన శాసనాల ఆధారంతో వాదించారు. గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని చదివి, శాసనాలను అచ్చువేసే 'ఎపిగ్రాఫియా ఇండికా' పత్రికలో ప్రచురించారు. ఒక స్కూలు మాస్టారు సెలవు రోజుల్లో చేసిన పనితో ఒక రాజ్యం రాజధాని భూపటం మీద చోటు మారింది.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సేకరించేవాడికి తన ఊరంటే, తన భాషంటే మమకారం ఉంటుంది. ఆ మమకారం లేకపోతే ఎండలో గోడల వెంట ఎవరు తిరుగుతారు? కానీ అదే మమకారం కంటికి గంతలు కడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. పంతులుగారు ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. హద్దు గురించిన ఆ కోపతాపాలు మా నాన్నగారి తరం దాకా ఉన్నాయి. శాసనాల పేరు చెప్పి ఇది మాదంటే మాదని వాదించుకున్నవాళ్లను నేను చిన్నప్పుడు మా అరుగు మీదే చూశాను. తెలుగు శాసనం దొరికితే సంచిలో వేసుకునేవాళ్లు, వేరే లిపి కనిపిస్తే పక్కకి తప్పుకునేవాళ్లు ఉండేవారు.

నిజానికి ఆ గాంగ రాజులే అనంతవర్మ చోడగంగుడి కాలంలో కటకం దాకా విస్తరించారు. పూరీ జగన్నాథుడి పెద్దగుడి కట్టడం మొదలుపెట్టింది ఆయనే. ఆయన పట్టాభిషేకం 1078 ప్రాంతంలో. తెలుగు శాసనాలున్న ముఖలింగం, ఒడియావాళ్ల ప్రాణమైన పూరీ, రెండూ ఒకే వంశం చేతుల్లోవి. మన హద్దుకి ఇంకా వందేళ్లు నిండలేదు. అందుకే నేను కొత్తవాళ్లకి ఒకటే చెప్తాను: నచ్చినదీ నచ్చనిదీ కూడా రాసుకోండి.

ఇప్పుడు పాములు పట్టేవాళ్ల సంగతికి వస్తాను. గిడుగువారు సవర భాషకి వ్యాకరణం (1931), నిఘంటువు (1938) చేశారు. అది మహాకార్యం. ఆయన దగ్గర కూర్చుని ఓపిగ్గా మాటలు చెప్పిన సవరలు ఎందరో. సరిగ్గా ఆ మధ్యలోనే, 1936లో, సవరవాడైన మంగేయి గొమాంగో తన భాషకి సోరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. బయటివాళ్లు ఎంత ప్రేమగా సేకరించినా, ఆ జాతి తన మాట తానే రాసుకోవాలనుకుంది. సేకరించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం.

మహారాష్ట్ర వైపూ ఇలాంటి కథే ఉంది. నాగపూర్‌లో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ రాళ్లలో ఆకుల ముద్రలు ఏరుకుంటూ, గోండుల పాటలు రాసుకుంటూ తిరిగాడు. 1863లో పాత రాతి వలయాల తవ్వకం చూసి వస్తూ పొంగిన వాగులో కొట్టుకుపోయాడు. ఆయన కాగితాలు మూడేళ్ల తర్వాత అచ్చయ్యాయి. ఇటు మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సిరొంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊళ్లో దొరికిన చేపల శిలాజాల గురించి 1850ల నాటికే రాతలున్నాయి. ఆ తర్వాత వందేళ్లకి, 1960 ప్రాంతంలో, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర బారపాసారస్ అనే భారీ డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. ఠాగూర్ శతజయంతి ఏడాది కాబట్టి దానికి ఆయన పేరు కూడా కలిపారు.

నేను స్వయంగా విన్న మాట ఒకటి. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట సముద్రపు తాబేళ్లు వేలల్లో వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు లోకానికి చెప్పింది 1994లో. కొన్నేళ్ల తర్వాత నేను పొడంపేట వెళ్లాను. ఒడియావాళ్లు నొలియాలని పిలిచే మన వాడబలిజల ఊరు అది. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ని అడిగితే, తల కూడా ఎత్తకుండా అన్నాడు: "మా యమ్మ సిన్నప్పట్నుంచీ వత్తన్నాయి బాబూ. ఎవులడిగినారు మమ్మల్ని?" తర్వాత గంటసేపు చెప్పాడు. ఏ గాలి తిరిగితే వస్తాయి, నది నోరు ఎటు జరిగితే అవి ఎటు జరుగుతాయి, తన చిన్నతనంలో గుడికీ సముద్రానికీ మధ్య ఎన్ని వరసల చెట్లుండేవి. రాసుకున్నాను, ఆయన పేరు, తేదీతో సహా. ఆ తర్వాత సముద్రం కోసేసి ఆ ఊరే వెనక్కి జరగాల్సి వచ్చింది. గుడి ముందు చెట్ల లెక్క ఇప్పుడు నా నోటుబుక్కులోనే ఉంది. చీటీ మీద సేకరించినవాడి పేరుతో పాటు చెప్పినవాడి పేరూ రాయండి. మనకంటే ముందువాళ్లు వదిలేసింది అదే.

ఇక మీ పెట్టెల దగ్గరికి.

ఏదీ కడగకండి, తోమకండి, సర్దకండి. మూత తీయగానే పైనుంచి ఫోటో. ఒక పొర తీశాక మళ్లీ ఫోటో. ఏది దేని పక్కన ఉందో అదే ఒక సమాచారం. మీ తాతగారు ఒక ఊరివన్నీ ఒకే గుడ్డలో మూటకట్టి ఉండొచ్చు. ఆ గుడ్డ కూడా పారేయొద్దు. ప్రతి వస్తువుకీ చిన్న కవరు, కవరు మీద పెన్సిల్‌తో నంబరు, అదే నంబరు ఒక కొత్త నోటుబుక్కులో.

ఆకుల విషయంలో చాలామంది చేసే పొరపాటు, ఆకు దాచి న్యూస్‌పేపరు పారేయడం. ఆ పేపరు తేదీయే ఆకు కోసిన కాలానికి దగ్గరి ఆధారం. ఏ భాష పేపరో, ఎక్కడ అచ్చయిందో కూడా చూడండి. నా దగ్గర ఒక నేలవేము కొమ్మ ఉంది. దాని చుట్టూ ఉన్న పేపరు ముక్కలో ఒక సినిమా ప్రకటన ఉంటే, దాన్ని బట్టి ఏడాది పట్టుకున్నాను.

రాళ్లలో ఒకవైపు పదునుగా, మిగతా అంతా నున్నగా అరగదీసినట్టు అరచేతిలో పట్టేవి ఉంటే, అవి కొత్తరాతియుగపు గొడ్డళ్లు కావచ్చు. ఊళ్లలో వాటిని పిడుగురాళ్లని దేవుడి గూట్లో పెడతారు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి చట్టం. వందేళ్లు దాటిన వస్తువులు, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 చట్టం కింద పురావస్తువులు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. పెట్టెలో చర్మాలు, కొమ్ములు, గోళ్ల లాంటివి కనిపిస్తే వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. ఒక వకీలుని అడిగి అటవీశాఖకి చెప్పండి. టెన్షన్ పడాల్సిన పనిలేదు, కానీ దాచొద్దు. తాళపత్రాలుంటే భువనేశ్వర్ స్టేట్ మ్యూజియంలో వాటిని భద్రపరిచే వాళ్లున్నారు. ఎవరికిచ్చినా నోటుబుక్కులను, వస్తువులను విడదీసి ఇవ్వకండి. రసీదు మీద రెండూ రాయించుకోండి.

నోటుబుక్కులో లేనిది మీరు ఊహించి పూరించవద్దు. 'ఊరు తెలియదు' అని రాయడం నామోషీ కాదు. తప్పు ఊరి పేరు రాస్తే మీ తర్వాత వచ్చే యాభైమంది దాన్నే నమ్ముతారు.

ఇంకొక్క పని ఈ వారంలోనే చేయండి. మీ నాయనమ్మగారు ఉంటే ఆవిడ దగ్గర, లేకపోతే తాతగారితో కలిసి తిరిగిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని, ఒక్కో వస్తువూ చేతికిచ్చి అడగండి. ఫోన్ రికార్డింగ్ ఆన్‌లో పెట్టండి. "ఆ రోజు వానకి తడిసి వచ్చారు, మెలియాపుట్టి సంత రోజు" లాంటి మాట ఒకటి దొరికినా సరే, అలాగే రాసుకోండి.

ఆ తర్వాత నోటుబుక్కుల మొదటి పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. చేతిరాత అర్థం కాకపోతే నేను చదివిపెడతాను. పాత గొలుసుకట్టు రాత నాకు అలవాటే.